ఏడాది మధ్యలో స్టేట్ మారితే ట్యాక్స్ ఎవరికి, ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. పోయిన ఏడాది మధ్యలో ఉద్యోగం కోసమో, అద్దెలు భరించలేకో అమెరికాలో ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి మారారు. ఇప్పుడు ఏడాది జీతం, కోసిన ట్యాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 చేతికొచ్చింది, అందులో రెండు స్టేట్ల పేర్లు చూసి టెన్షన్ మొదలైంది. ఫెడరల్ రిటర్న్‌తో ఈ గొడవ లేదు, దేశంలో ఎక్కడున్నా అది ఒక్కటే. స్టేట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మీరు మారిన తేదీ దగ్గర ఏడాదిని రెండు ముక్కలు చేయాలి, ఆ పని పేరోల్ వాళ్లదీ కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు, మీదే. డబ్ల్యూ-2లో పడిన అంకెను వేదవాక్కులా అలాగే టైప్ చేసి పంపేసి, తర్వాత నోటీసు వచ్చాక లబోదిబోమనేవాళ్లను నేను చాలామందిని చూశాను, అందుకే కొన్ని ఉత్తరాలకు కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ప్రశ్న: మేము శాన్ హోజేలో ఆరేళ్లున్నాం. 2025 జులై 15న డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చేశాం. కంపెనీ అదే, ఇక్కడి ఆఫీసుకి బదిలీ చేయించుకున్నాను. టెక్సస్‌లో ట్యాక్స్ లేదు కదా, సగం జీతం మీద కాలిఫోర్నియాకి కట్టేస్తే సరిపోతుందా? సెప్టెంబర్‌లో వెస్ట్ అయిన, అంటే నా చేతికొచ్చిన ఆర్ఎస్‌యూల (కంపెనీ ఇచ్చే షేర్ల) మీద కూడా కాలిఫోర్నియా ట్యాక్స్ కోశారు. అప్పటికి మేం టెక్సస్‌లో ఉన్నాం కాబట్టి అది మొత్తం వెనక్కి రావాలి కదండీ? - ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు

జవాబు: జీతం సంగతి తేలికే, ఆర్ఎస్‌యూల దగ్గర మాత్రం మీకు నచ్చని జవాబు చెప్పాల్సి వస్తుంది.

ముందు జీతం. "సగం" అని ఉజ్జాయింపుగా వేయకండి. జులై 15కి దగ్గరగా పడిన పే స్టబ్ (జీతం చీటీ) తీయండి, అందులో జనవరి నుంచి ఆ రోజు దాకా ఎంత వచ్చిందో ఇయర్-టు-డేట్ వరసలో ఉంటుంది. మీ కాలిఫోర్నియా జీతం అదే. దాన్ని డబ్ల్యూ-2లో 16వ గడిలో కాలిఫోర్నియా పక్కన పడిన అంకెతో పోల్చి చూడండి. దగ్గరగా ఉంటే మంచిదే. కాలిఫోర్నియా అంకె బాగా ఎక్కువగా ఉంటే, మీరు అడ్రస్ మార్చిన సంగతి పేరోల్‌కి ఆలస్యంగా చేరిందేమో కనుక్కోండి. కొద్దిపాటి తేడా ఉంటే హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం జీతంలోంచి దాచుకునే ఖాతా) వల్ల కావచ్చు. కాలిఫోర్నియా హెచ్ఎస్ఏని గుర్తించదు, ఫెడరల్‌లో మినహాయించిన ఆ డబ్బును అక్కడున్న నెలల వరకు మళ్లీ ఆదాయంలో కలుపుతుంది.

మీరు వేయాల్సింది ఫారం 540ఎన్ఆర్, ఏడాదిలో కొంతకాలమే అక్కడున్న పార్ట్-ఇయర్ రెసిడెంట్లు, అక్కడ నివసించని నాన్-రెసిడెంట్లు వేసే కాలిఫోర్నియా రిటర్న్. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మామూలు 540 ఫారం తీసుకుని, అందులో కాలిఫోర్నియాలో ఉన్న ఆరున్నర నెలల జీతం మాత్రమే వేసి, ఆదాయం తక్కువ కాబట్టి తక్కువ రేటు పడి, పెద్ద రిఫండ్ కనిపించి సంతోషపడిపోతారు. లెక్క అలా ఉండదు. ఏడాది మొత్తం మీరు కాలిఫోర్నియాలోనే ఉన్నారనుకుని మీ మొత్తం ఆదాయం మీద ట్యాక్స్ ఎంతవుతుందో ముందు చూస్తారు, ఆ రేటును మీ కాలిఫోర్నియా ముక్కకు వేస్తారు. మొత్తం లక్ష డాలర్ల పన్ను ఆదాయం మీద 6,000 డాలర్ల ట్యాక్స్ వచ్చిందనుకోండి, అంటే 6 శాతం. అందులో కాలిఫోర్నియా వాటా 55,000 అయితే కట్టాల్సింది 3,300. టెక్సస్ జీతం మీద వాళ్లు ట్యాక్స్ వేయట్లేదు, కానీ రేటు తేల్చడానికి దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇది అన్యాయం అనిపిస్తుందని నాకు తెలుసు, అయినా న్యూయార్క్‌తో సహా చాలా స్టేట్లు చేసేది ఇదే. ఫెడరల్ రిటర్న్ కాపీ మొత్తం 540ఎన్ఆర్‌కి జతచేయాలన్నది కూడా మర్చిపోకండి.

ఇక ఆర్ఎస్‌యూలు. వెస్ట్ అయిన రోజు మీరు ఎక్కడున్నారన్నది ఒక్కటే కాలిఫోర్నియా చూడదు. ఆ షేర్లు మీకు ఇస్తామని చెప్పిన గ్రాంట్ రోజు నుంచి వెస్ట్ అయిన రోజు దాకా మీరు పనిచేసిన రోజులు ఎన్ని, అందులో కాలిఫోర్నియాలో చేసినవి ఎన్ని అని అడుగుతుంది. ఆ మధ్యలో మొత్తం 500 పనిదినాలుండి, అందులో 450 శాన్ హోజేలో చేశారనుకుందాం. వెస్ట్ అయిన షేర్ల విలువ 20,000 డాలర్లయితే 18,000 కాలిఫోర్నియా ఆదాయమే. మీ కంపెనీ కోసింది తప్పు కాదు, చాలావరకు సరైనదే. మొత్తం 20,000 మీదా కోసి ఉంటే మిగిలిన 2,000కి సంబంధించినది మాత్రం వెనక్కి వస్తుంది. వచ్చే ఏడాది, ఆపై ఏడాది వెస్ట్ అయ్యే పాత గ్రాంట్లకూ ఇదే లెక్క, వాటా మాత్రం తగ్గుతూ పోతుంది. కాబట్టి 2026కి కూడా మీరు కాలిఫోర్నియాకి 540ఎన్ఆర్ ఫైల్ చేయాల్సి రావచ్చు, అప్పుడు పార్ట్-ఇయర్‌గా కాదు, నాన్-రెసిడెంట్‌గా. గ్రాంట్ తేదీలన్నీ షేర్ల అకౌంట్లో ఉంటాయి, ఇప్పుడే దించుకుని పెట్టుకోండి. ఉద్యోగం మారాక ఆ అకౌంట్లోకి వెళ్లడం కష్టమయ్యే సందర్భాలుంటాయి.

బోనస్ కూడా అంతే. అది ఏ పనికి ఇచ్చిందో ఆ పని ఎక్కడ జరిగిందన్నది ముఖ్యం, చేతికి ఎప్పుడొచ్చిందన్నది కాదు.

అయితే షేర్లు మీ చేతికొచ్చాక వాటిని అమ్మితే వచ్చే లాభం వేరు. దానికి అమ్మిన రోజు మీరు ఎక్కడ నివసిస్తున్నారో అదే లెక్క. జూన్‌లో అమ్మి ఉంటే కాలిఫోర్నియా, ఆగస్టులో అమ్మి ఉంటే టెక్సస్, అంటే స్టేట్ ట్యాక్స్ లేదు. బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు కూడా వచ్చిన తేదీని బట్టే. మన ఊళ్లో బ్యాంకులో వేసిన ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన ఉంచే) డిపాజిట్ల వడ్డీ ఇండియాలో పన్ను లేనిది కదా అని వదిలేస్తుంటారు, అది ఇక్కడ ఫెడరల్‌కీ లెక్కే, కాలిఫోర్నియాలో ఉన్న నెలల వరకు ఆ స్టేట్‌కీ లెక్కే. ఎన్ఆర్ఓ (ఇండియా ఆదాయం ఉంచే) ఖాతా వడ్డీ మీద ఇండియాలో టీడీఎస్ కోసి ఉంటే ఫెడరల్‌లో క్రెడిట్ దొరుకుతుంది, కాలిఫోర్నియా మాత్రం విదేశీ పన్నుకు క్రెడిట్ ఇవ్వదు. శాన్ హోజే ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె ఎన్నేళ్లయినా కాలిఫోర్నియా ఆదాయమే, ఇల్లు అక్కడుంది కాబట్టి. 401కే అనే రిటైర్మెంట్ ఖాతా గురించి మాత్రం మీకు బెంగ అక్కర్లేదు. స్టేట్ వదిలి వెళ్లినవాళ్ల రిటైర్మెంట్ డబ్బు మీద పాత స్టేట్ చేయి వేయకూడదని 1996లోనే ఫెడరల్ చట్టం వచ్చింది.

చివరగా, మీరు నిజంగానే వెళ్లిపోయారని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితాలుండాలి. టెక్సస్‌లో కారు రిజిస్ట్రేషన్ 30 రోజుల్లో, డ్రైవింగ్ లైసెన్స్ 90 రోజుల్లో మార్చుకోవాలి. ఇంకా మార్చకపోతే ఈ వారమే ఆ పని చూడండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ న్యూయార్క్ ఆఫీసుకి రైల్లో వెళ్లేదాన్ని. జులై 1 నుంచి మా కంపెనీ షార్లెట్ ఆఫీసులో పనిచేస్తున్నాను, ఇల్లు కూడా ఇక్కడికే మార్చేశాను. నా జీతం లక్షా 40 వేల డాలర్లు. డబ్ల్యూ-2లో న్యూయార్క్ కింద లక్షా 40 వేలు, నార్త్ కరోలైనా కింద 70 వేలు వేశారు. రెండూ కలిపితే 2 లక్షల 10 వేలు! నేను సంపాదించనిదానికి ట్యాక్స్ కట్టాలా? హెచ్ఆర్‌కి మూడుసార్లు మెయిల్ పెట్టాను, "అది కరెక్టే" అంటున్నారు. - షార్లెట్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కంగారు పడకండమ్మా, హెచ్ఆర్ వాళ్లు చెప్పింది నిజమే, కాకపోతే ఎందుకు కరెక్టో వాళ్లు విడమరిచి చెప్పలేదు. న్యూయార్క్ స్టేట్ కంపెనీలకు పెట్టిన నియమం ఏమిటంటే, 16వ గడిలో న్యూయార్క్ పక్కన ఫెడరల్ జీతం మొత్తం వేయాలి, అందులో ఎంత నిజంగా న్యూయార్క్‌లో పనిచేసి సంపాదించిందో చూడకుండా. ఆ వాటా తేల్చి చెప్పే బాధ్యత ఉద్యోగిది. ఈ ఒక్క సంగతి తెలియక లక్షా 40 వేల మీదా న్యూయార్క్‌కి ట్యాక్స్ కట్టేసినవాళ్లున్నారు, అందుకే మీ ఉత్తరాన్ని ముందే తీసుకున్నాను.

మీరు ఫైల్ చేయాల్సింది రెండు స్టేట్లకు కాదు, మూడింటికి. డబ్ల్యూ-2లో పేరే లేని న్యూజెర్సీని మర్చిపోతారు, మీరు ఆరు నెలలు నివాసం ఉన్నది అక్కడే!

వరస ముఖ్యం, ముందు న్యూయార్క్ చేయండి. ఫారం ఐటీ-203, నాన్-రెసిడెంట్‌గా. అందులో రెండు నిలువు వరసలుంటాయి, ఒకటి ఫెడరల్ అంకెలకు, ఇంకొకటి న్యూయార్క్ వాటాకు. మొదటి వరసలో లక్షా 40 వేలు, రెండో వరసలో మీ న్యూయార్క్ వాటా. ఆ వాటా ఎలా వచ్చిందో ఐటీ-203-బీ అనే ఫారంలో పనిదినాల లెక్కతో చూపించాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేసి, అందులో 120 న్యూయార్క్‌వి అయితే సగం, 70 వేలు. జూన్ చివరి పే స్టబ్‌లో కూడా దాదాపు అంతే ఉండాలి, రెండూ సరిచూసుకోండి. ఎడిసన్‌లో ఇంటి దగ్గర నుంచి పనిచేసిన రోజుల్ని న్యూయార్క్ బయటి రోజులుగా వేయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ సౌకర్యం కోసం ఇంట్లో కూర్చుని న్యూయార్క్ ఆఫీసు పని చేస్తే అది న్యూయార్క్ పనే అన్నది ఆ స్టేట్ పాత నియమం.

తర్వాత న్యూజెర్సీ. ఎన్‌జే-1040లోనే పార్ట్-ఇయర్ అని తేదీలు వేసి, జనవరి 1 నుంచి జూన్ 30 దాకా మీకొచ్చిన ఆదాయమంతా చూపించాలి, న్యూయార్క్ జీతంతో సహా. అదే జీతం మీద న్యూయార్క్‌కి కట్టిన ట్యాక్స్‌కి న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది, న్యూజెర్సీ ట్యాక్స్ ఎంతో అంతకు మించకుండా. మామూలుగా న్యూయార్క్ ట్యాక్స్ ఎక్కువ కాబట్టి జీతం వరకు న్యూజెర్సీకి కట్టాల్సింది ఏమీ మిగలదు, అయినా రిటర్న్ వేయాల్సిందే. క్రెడిట్‌కి న్యూయార్క్ అంకె కావాలి కాబట్టే దాన్ని ముందు చేయమన్నాను. సాఫ్ట్‌వేర్‌లో స్టేట్లను వేరే వరసలో చేస్తే క్రెడిట్ సున్నాగా పడే ప్రమాదం ఉంది.

మూడోది నార్త్ కరోలైనా, ఫారం డీ-400, దానితో షెడ్యూల్ పీఎన్. జులై నుంచి వచ్చిన 70 వేలు, అప్పటి నుంచి వచ్చిన వడ్డీ వగైరా. 2025కి అక్కడ రేటు అందరికీ ఒకటే, 4.25 శాతం.

ఇంకొక్క మాట. మీరు షార్లెట్ ఆఫీసుకి అధికారికంగా మారారు కాబట్టి బతికిపోయారు. న్యూయార్క్ ఆఫీసు ఉద్యోగిగానే ఉండి, కేవలం మీ ఇష్టం కొద్దీ షార్లెట్ ఇంట్లో నుంచి పనిచేస్తుంటే జులై తర్వాతి జీతాన్ని కూడా న్యూయార్క్ తనదేననేది. అందుకే బదిలీ ఉత్తరం, కొత్త ఆఫీసు పేరున్న కాగితం భద్రంగా దాచండి. డబ్ల్యూ-2లో 19వ గడిలో న్యూయార్క్ సిటీ ట్యాక్స్ ఏమైనా కోసి ఉంటే అది మొత్తం వెనక్కి అడగండి, సిటీలో నివాసం లేనివాళ్లు ఆ సిటీ ట్యాక్స్ కట్టక్కర్లేదు.

ప్రశ్న: మావారు ఆగస్టులో టాంపాలో కొత్త ఉద్యోగంలో చేరారు. నేనూ పిల్లలూ ఇలినాయ్‌లోని నేపర్‌విల్‌లోనే ఉన్నాం, నా ఉద్యోగం ఇక్కడే, ఇల్లు ఇక్కడే. ఆయన నెలకు రెండుసార్లు వచ్చి వెళ్తుంటారు. ఫ్లోరిడాలో ట్యాక్స్ లేదు, కాబట్టి ఆగస్టు నుంచి ఆయన జీతానికి ఇలినాయ్ ట్యాక్స్ ఉండదని స్నేహితులు చెప్పారు. ఆయన కంపెనీ కూడా ఏమీ కోయట్లేదు. ఫెడరల్ ఇద్దరం కలిపి వేస్తాం. - నేపర్‌విల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ స్నేహితులు చెప్పింది జరగాలంటే మీవారు ఇలినాయ్ నుంచి నిజంగా వెళ్లిపోయి ఉండాలి. ఉద్యోగం కోసం తాత్కాలికంగా బయట ఉన్నా అసలు నివాసం ఇలినాయ్ అయితే ఆయన్ని రెసిడెంట్‌గానే చూస్తుంది ఆ స్టేట్. భార్యాపిల్లలు ఇక్కడ, సొంతిల్లు ఇక్కడ, నెలకు రెండుసార్లు రాకపోకలు, ఇవన్నీ చూసినవాళ్లెవరైనా ఆయన ఇల్లు నేపర్‌విల్ అనే అంటారు. 183 రోజులు బయట ఉంటే చాలు అని ఇంకో మాట ప్రచారంలో ఉంది. రోజుల లెక్క ఒక్కదానితో నివాసం మారిపోదు.

ఆయన మనసులో ఏముంది? వచ్చే వేసవిలో మీరంతా టాంపా వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారా, అక్కడ ఏడాది లీజు తీసుకున్నారా, లైసెన్స్, కారు ఫ్లోరిడాకి మార్చారా, ఇక్కడి ఇల్లు అమ్మకానికి పెట్టారా? ఇవన్నీ ఉంటే ఆగస్టు నుంచి ఆయన ఫ్లోరిడా నివాసి అని గట్టిగా నిలబడొచ్చు. "చూద్దాం, ఉద్యోగం కుదిరితే" అన్న స్థితిలో ఉంటే మాత్రం ఆ ధైర్యం చేయకండి.

రెసిడెంటే అని తేలితే ఏమవుతుందో చెప్తాను. ఇలినాయ్ రేటు 4.95 శాతం. ఆగస్టు నుంచి టాంపా జీతం 70 వేలు వచ్చిందనుకుంటే 3,465 డాలర్లు కట్టాలి. వేరే స్టేట్‌కి కట్టి ఉంటే క్రెడిట్ దొరికేది, ఫ్లోరిడాకి కట్టిందే లేదు కాబట్టి అదీ లేదు. కంపెనీ కోయలేదు కాబట్టి ఈ మొత్తం ఏప్రిల్‌లో ఒక్కసారే చేతినుంచి పడుతుంది. ఇకముందైనా మూడు నెలలకోసారి ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టుకుంటూ వెళ్లండి, లేదా మీ జీతంలో ఎక్కువ కోయమని చెప్పండి, లేకపోతే పెనాల్టీ తోడవుతుంది.

ఆయన ఫ్లోరిడా నివాసి అయ్యారని తేలితే ఇంకో జాగ్రత్త ఉంది. ఫెడరల్ కలిపి వేసినా, ఇలినాయ్‌కి మీరిద్దరూ విడివిడిగా వేసుకునే వీలుంది, మీది పూర్తి ఏడాది రెసిడెంట్‌గా, ఆయనది షెడ్యూల్ ఎన్ఆర్‌తో పార్ట్-ఇయర్‌గా. అలవాటుగా ఇలినాయ్‌కి కూడా జాయింట్ వేశారంటే ఇద్దరినీ రెసిడెంట్లుగానే లెక్కిస్తారు, ఆయన టాంపా జీతం కూడా అందులోకి వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఫెడరల్ చూసి తనంతట తానే జాయింట్ ఎంచుకుంటుంది, మీరే వెళ్లి మార్చాలి.

ప్రశ్న: అన్నా, నేను ఒహాయోలోని కొలంబస్‌లో ఎమ్మెస్ మేలో పూర్తి చేసి, జూన్‌లో ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద అరిజోనాలోని ఫీనిక్స్‌లో చేరాను. క్యాంపస్ జాబ్ డబ్ల్యూ-2 ఒకటి, కొత్త కంపెనీది ఒకటి ఉన్నాయి. ఫెడరల్‌కి నేను నాన్-రెసిడెంట్ కాబట్టి రెండు స్టేట్లకీ నాన్-రెసిడెంట్ అనే వేసేయమంటున్నాడు రూమ్మేట్. - ఫీనిక్స్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఆ మాట వినకు తమ్ముడూ. ఫెడరల్‌లో నాన్-రెసిడెంట్ అంటే వీసా, ఈ దేశంలో ఎన్నేళ్లున్నావు అన్న లెక్క, అందుకే నీది 1040-ఎన్ఆర్. స్టేట్ దగ్గర రెసిడెంట్ అంటే ఆ స్టేట్‌లో నివాసం ఉన్నావా లేదా అన్నది. మాట ఒకటే అయినా అర్థాలు వేరు. అరిజోనాకి 140పీవై అనే పార్ట్-ఇయర్ ఫారం, రేటు 2.5 శాతం. ఒహాయోకి ఐటీ 1040 మీద పార్ట్-ఇయర్ గడి టిక్ పెట్టి, అరిజోనాలో సంపాదించినదానికి నాన్-రెసిడెంట్ క్రెడిట్ తీసుకోవాలి, దానికి ఐటీ ఎన్ఆర్‌సీ అని విడి ఫారం ఉంది. అది జతచేయకపోతే ఫీనిక్స్ జీతం మీద కూడా ఒహాయో ట్యాక్స్ వేసేస్తుంది. క్యాంపస్ జీతంలో కొలంబస్ సిటీ 2.5 శాతం కోసి ఉంటుంది. నువ్వు అక్కడే పనిచేశావు కాబట్టి అది న్యాయంగా వాళ్లదే, రిఫండ్ ఆశ పెట్టుకోకు.

అడగకపోయినా చెప్తున్నాను, కొత్త కంపెనీ డబ్ల్యూ-2లో 4, 6 గడులు చూడు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉండి ఫెడరల్‌కి నాన్-రెసిడెంట్‌వి అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోయకూడదు. కోసి ఉంటే ముందు కంపెనీని వెనక్కి ఇమ్మని అడుగు, వాళ్లు కాదంటే ఫెడరల్ ట్యాక్స్ శాఖ అయిన ఐఆర్ఎస్‌కి ఫారం 843, దానితో 8316 పంపు. అది నీ స్టేట్ రిఫండ్‌ల కంటే పెద్ద మొత్తం.

ప్రశ్న: మార్చిలో జార్జియాలోని అట్లాంటా నుంచి టెనెస్సీలోని నాష్‌విల్‌కి మారాను, ఉద్యోగం రిమోట్. కంపెనీ అట్లాంటాదే. అడ్రస్ మార్చమని చెప్పినా డిసెంబర్ దాకా జార్జియా ట్యాక్స్ కోస్తూనే ఉన్నారు. ఆ డబ్బు పోయినట్టేనా? - నాష్‌విల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పోలేదు, కానీ మీరు అడిగితేనే వస్తుంది. నాకూ ఒకప్పుడు ఇదే జరిగింది. నేను స్టేట్ మారిన తర్వాత కూడా నా కంపెనీ వాళ్లు ఏడు నెలలు పాత స్టేట్‌కే కోశారు, నేను పే స్టబ్ తెరిచి చూడలేదు, చూసేసరికి ఏడాది అయిపోయింది. రిఫండ్ వచ్చేలోపు పాత స్టేట్ నుంచి రెండు ఉత్తరాలు, ప్రతి దానికీ కాగితాలు పంపడం, ఇంట్లో అందరికీ ఆ డబ్బు గురించే ఆలోచన. అందుకే ఎవరు ఊరు మారుతున్నామన్నా మొదట చెప్పేది కొత్త ఇంట్లో దిగాక వచ్చే మొదటి పే స్టబ్‌లో స్టేట్ పేరు చూడమనే.

ముందు కంపెనీని సరిచేసిన డబ్ల్యూ-2 అడగండి, దాన్ని డబ్ల్యూ-2సీ అంటారు. అది వస్తే సగం పని అయినట్టే. ఇవ్వకపోతే మీరు ఏ తేదీ నుంచి ఎక్కడ నుంచి పనిచేస్తున్నారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. జార్జియా ఫారం 500లో పార్ట్-ఇయర్ వేసి, షెడ్యూల్ 3లో మార్చి దాకా వచ్చిన జీతం మాత్రమే జార్జియా వరసలో చూపించి, ఆ లెటరూ లీజు కాపీ జతచేయండి. తర్వాత మీటింగుల కోసం అట్లాంటా ఆఫీసుకి వెళ్లిన రోజులుంటే వాటి జీతం జార్జియాదే, అవి దాచకండి. రిఫండ్ అడగడానికి మూడేళ్ల గడువు ఉంటుంది, అంతదాకా ఆగొద్దు. టెనెస్సీలో జీతం మీద ట్యాక్స్ లేదు, అక్కడ వేసే రిటర్నూ లేదు.

ప్రశ్న: 2022లో కాలిఫోర్నియా నుంచి లాస్ వేగస్ వచ్చాం. జీతంలో కోసేశారు కదా అని ఆ ఏడాది కాలిఫోర్నియా రిటర్న్ వేయలేదు. ఇప్పుడు రిటర్న్ ఎందుకు వేయలేదంటూ కాలిఫోర్నియా ట్యాక్స్ శాఖ నుంచి డిమాండ్ నోటీసు వచ్చింది. భయంగా ఉంది. - లాస్ వేగస్ నుంచి ఒక జంట

జవాబు: భయం వద్దు, ఆలస్యం కూడా వద్దు. నోటీసులో ఇచ్చిన గడువులోపు జవాబివ్వకపోతే ట్యాక్స్‌లో 25 శాతం పెనాల్టీ వేయొచ్చు, పైగా వాళ్ల దగ్గరున్న సమాచారంతో వాళ్లే లెక్క కట్టేస్తారు, అందులో మీ మినహాయింపులు, మీరు మధ్యలో వెళ్లిపోయిన సంగతి ఉండవు. ఇంకా ట్యాక్స్ కట్టమని అడగడానికి వాళ్లకున్న నాలుగేళ్ల గడువు రిటర్న్ వేసిన రోజు నుంచే మొదలవుతుంది, వేయకపోతే ఎన్నేళ్లయినా అడగొచ్చు. ఆ ఏడాది ఫెడరల్ కాపీ, డబ్ల్యూ-2లు, మారిన నెల పే స్టబ్ బయటకు తీసి 2022 సంవత్సరపు 540ఎన్ఆర్ ఫారంతో ఇప్పుడే వేయండి. కోసింది సరిపోయి ఉంటే మీకే రిఫండ్ రావచ్చు, రిఫండ్ అడగడానికి కూడా నాలుగేళ్లే గడువు. పాత అడ్రస్‌కి వెళ్లిన ఉత్తరాలేమైనా ఉన్నాయేమో కూడా ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: ఇల్లు మారడానికి ట్రక్కుకి, మూవర్స్‌కి 4,200 డాలర్లయింది. ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా? - ర్యాలీ (నార్త్ కరోలైనా) నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫెడరల్‌లో లేదు. 2018 నుంచి ఆ మినహాయింపు ఆపేశారు, 2025 చట్టం దాన్ని శాశ్వతంగా తీసేసింది, మిలిటరీలో ఉండి ఆర్డర్ల మీద మారేవాళ్లకు, 2026 నుంచి ఇంటెలిజెన్స్ సంస్థల్లో పనిచేస్తూ అలా మారేవాళ్లకు మాత్రం ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని స్టేట్లు తమ సొంత నియమాల ప్రకారం ఇంకా ఇస్తున్నాయి, మీరు వదిలి వచ్చింది వాటిలో ఒకటైతే ఆ ఫారం సూచనలు చదవండి. ఏమీ దొరక్కపోయినా ఆ రసీదు పారేయొద్దు. మీరు ఏ తేదీన, ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి సామాను తీసుకెళ్లారో ముద్రించి ఉన్న కాగితం అది, పాత స్టేట్ ఎప్పుడైనా తేదీ అడిగితే మీరు ముందు తీయాల్సింది దాన్నే.